మూడో సిలిండరు

సోమలింగం సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చింది సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేయడానికే. సాంచాల మోటార్లు బాగుచేస్తూ మెల్లగా ఇంజన్ల వైపు మళ్లాడు. 2005 నాటికి సూరత్‌లోని ఉధ్నాలో రైలు పట్టాల పక్క రేకుల షెడ్డులో అతని గ్యారేజీకి పద్నాలుగేళ్లు. బండి మలుపు తిరగకముందే చప్పుడు విని జబ్బేమిటో చెబుతాడని డ్రైవర్లలో పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. దగ్గరి చూపు తగ్గి డాక్టరు కళ్లద్దాలు రాసిస్తే, నలుగురూ చూస్తారని వాటిని ఇంట్లోనే వదిలి వచ్చేవాడు.

ఆ ఎండాకాలం, సాంచాల కార్ఖానా నడిపే బుచ్చిరాములు సేటు పాత పికప్‌కు ఇంజెక్టర్లు సర్వీసు చేశాడు. కార్ఖానాలో నేసిన బట్టను పాండేసరలోని రంగుల మిల్లుకు చేరవేసే బండి అది. తొమ్మిదేళ్లుగా డ్రైవరు మొండయ్యే దాన్ని నడుపుతున్నాడు. రెండు వారాలు తిరక్కముందే మళ్లీ తెచ్చాడు.

"అన్నా, నిలబెడితే బండి వణుకుతంది. లోడు గుంజుతలేదు. సర్వీసు అయినకాడికెల్లి గిట్లనే ఉంది."

చివరి మాట సోమలింగానికి గుచ్చుకుంది. షెడ్డులో మరో ఇద్దరు డ్రైవర్లు వింటున్నారు. బానెట్ ఎత్తి నిమిషం సేపు విని దించేశాడు.

"నా పనిల ఏం లేదు. నువ్వు క్లచ్ మీదికెల్లి కాలు తియ్యవు. ఇంజన్ పాడుగాక ఏమైతది?"

సేటు వచ్చి అడిగితే అదే చెప్పాడు. ఇంకో మాట కూడా కలిపాడు. "బండి చెయ్యి మారితే మంచిగుంటది సేటూ."

వారంలోపే మొండయ్య పని పోయింది. పాండేసర మిల్లులో రంగుల దగ్గర చేరాడని సోమలింగానికి తెలిసింది.

వానలు మొదలయ్యాక కొత్త డ్రైవరు అదే బండిని తెచ్చాడు. ఇప్పుడది నిలబడి ఊగిపోతోంది, తెల్లటి పొగ కక్కుతోంది. కొత్తతను నెమ్మదస్తుడు, బండిని పువ్వులా చూసుకుంటాడు. ఈసారి నెపం వేయడానికి ఎవరూ లేరు.

సోమలింగం డీజిల్ ఫిల్టరు మార్చాడు. గొట్టాల్లో గాలి తీశాడు. వణుకు తగ్గలేదు. అప్పుడు ఇంజన్ నడుస్తుండగానే ఒక్కో ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేస్తూ వచ్చాడు. మొదటిది వదులు చేస్తే ఇంజన్ తడబడింది. అంటే ఆ సిలిండరు పని చేస్తున్నట్టే. రెండోదీ అంతే. మూడోది వదులు చేస్తే చప్పుడులో ఏ తేడా రాలేదు. అది ముందునుంచే పని చేయడం లేదు.

ఇంజెక్టరు ఊడదీసి రంధ్రంలోకి టార్చి వేశాడు. ఏదీ ఆనలేదు. చిటికెన వేలు పెడితే అంచు ఎత్తుగా తగిలింది. ఇంటికి వెళ్లి కళ్లద్దాలు తెచ్చుకుని చూశాడు. లోపల రాగి వాషర్లు రెండున్నాయి. పైది తను వేసిన కొత్తది. కిందది మసిబారి అడుక్కి కరుచుకున్న పాతది. సర్వీసు రోజున దాన్ని తీయకుండానే పైన కొత్తది వేసేశాడు. ఇంజెక్టరు పైకి లేచి కూర్చుంది, డీజిల్ చల్లాల్సిన చోట చల్లడం లేదు.

రెండూ తీసి మరొకటి వేసి బిగించాడు. ఇంజన్ నిదానంగా, సమంగా నడిచింది.

"కమాల్ ఉస్తాద్. ఏముండె లోపల?" అన్నాడు కొత్త డ్రైవరు.

"కచరా. చెత్త అడ్డం పడ్డది," అన్నాడు సోమలింగం.

అబద్ధం అంత సులువుగా వచ్చినందుకు తన మీద తనకే రోత పుట్టింది. రెండు వాషర్లూ జేబులో వేసుకున్నాడు.

మర్నాడు షిఫ్టు వదిలే వేళకు మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు. మొండయ్య మోచేతుల దాకా నీలం రంగుతో బయటికి వచ్చాడు.

"తమ్మీ, తప్పు నాదే. పాత వాషర్ తియ్యకుండ కొత్తది ఏసిన. నీ నడుపుడుల ఏం లేకుండె."

మొండయ్య సైకిల్ తాళం తీస్తూ తల ఎత్తలేదు. "నాకెరుకనే అన్నా. తొమ్మిదేండ్లు నడిపిన బండి. నువ్వన్నంక నా మాట ఎవలింటరు?"

"మాఫ్ చెయ్యి."

"నాకు చెప్పుడెందుకు? ఎవలకు చెప్పినవో వాళ్లకు చెప్పు. పని వోయిందంటె మా ఇంటిది సుత నేను తాగి నడుపుతుంటి అనుకుంటంది."

సోమలింగం కార్ఖానాకు వెళ్లి సేటు ముందు వాషర్లు పెట్టి జరిగింది చెప్పాడు.

"నీ ఒక్క మాట మీద మనిషిని తీసేసిన గద, సోమలింగం," అన్నాడు సేటు. వాషర్లను వెనక్కి నెట్టి లెక్కల పుస్తకం తెరిచాడు.

చాయ్ బండి దగ్గర డ్రైవర్లకు చెప్పాడు. చివరికి మొండయ్య ఇంటికి వెళ్లి అతని భార్య సంధ్యారాణికి చెప్పాడు. ఆమె మంచినీళ్లిచ్చింది. కూర్చోమనలేదు.

కొత్త డ్రైవరుకు సూరత్ పక్కనున్న సచిన్ ఊళ్లో వేరే పని దొరికాక, దసరాకు మొండయ్య మళ్లీ పికప్ ఎక్కాడు. సర్వీసు మాత్రం వేరే గ్యారేజీలో చేయించేవాడు. రోజూ రెండుసార్లు షెడ్డు ముందు నుంచే వెళ్లేవాడు. సోమలింగం పని ఆపి వినేవాడు, తల ఎత్తే ధైర్యం చాలేది కాదు.

రెండేళ్ల తర్వాత ఒక ఉదయం ఫ్యాన్ బెల్టు తెగి ఆ బండి సరిగ్గా షెడ్డు ఎదుటే ఆగింది. సోమలింగం బెల్టు వేస్తున్నంతసేపూ మొండయ్య పక్కనే నిలబడి అతని చేతులనే చూశాడు.

"నువ్వే చూస్కో ఒకపారి," అన్నాడు సోమలింగం.

మొండయ్య ఇంజన్ నడిపించి చాలాసేపు విన్నాడు. "మంచిగనే ఉంది," అని బండి ముందుకు కదిలించాడు.