బయానా పుచ్చుకోని మైస్టర్

మా ఇంటి నేలమాళిగలో ఉన్న హైజుంగ్, అంటే ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్, నాకంటే నాలుగేళ్లే చిన్నది. స్టుట్‌గార్ట్ దగ్గరి జిండెల్ఫింగెన్ పక్కన ఆ పాత ఇల్లు కొన్నప్పుడు, అమ్మినాయన ఆ బాయిలర్‌ని చేత్తో తట్టి, ఇల్లంతా వెచ్చగా ఉంచేది ఇదేనని, ఇంకో పదేళ్లు ఢోకా లేదని చెప్పాడు. నేను నమ్మాను. ఇల్లు కొనేటప్పుడు మనిషి తనకి కావలసిన మాటే నమ్ముతాడు. డీజిల్ వాసన కొట్టే ఆ ఇనప పెట్టె రెండు చలికాలాలు దగ్గుతూ మూలుగుతూ నెట్టుకొచ్చింది. మూడో ఏడు సెప్టెంబరులో పొగగొట్టాలు తనిఖీ చేసే ఆయన వచ్చాడు. నల్ల బట్టలు, నల్ల టోపీ. ఇక్కడివాళ్లకి ఆయన ఎదురొస్తే అదృష్టమట. మా అదృష్టం నేలమాళిగలోకి దిగి, పొగ కొలిచి, తల అడ్డంగా ఊపి, దీన్ని మార్చక తప్పదని కాగితం రాసిచ్చి వెళ్లిపోయింది.

అప్పటికి మా ఆవిడకి ఆరో నెల. పెద్దపిల్ల పుట్టినప్పుడు డబ్బు చాలక, దాన్ని పదో నెలలోనే కీటాలో, అంటే పసిపిల్లల్ని పగలు చూసుకునే చోట, వదిలి ఆఫీసుకి వెళ్లింది. అది ఆవిడకి ఇప్పటికీ మనసులో ముల్లే. కాన్పు తర్వాత మొదటి ఏడాది ఇంట్లో ఉంటే ప్రభుత్వం కొంత డబ్బిస్తుంది. రెండో ఏడాది సెలవైతే ఇస్తారు గాని పైసా రాదు. ఈసారి ఆ రెండో ఏడాది కూడా పిల్లతో ఉండాలని ఆవిడ పట్టుబట్టి, దానికోసం విడిగా ఒక ఖాతా తెరిచి మూడేళ్లుగా కూడబెడుతోంది. సెలవులకి ఇండియా వెళ్లడం కూడా ఒకసారి మానేసింది. నేను ఆ ఖాతా జోలికి పోనని మాటిచ్చాను.

హైజుంగ్ మార్చి హీట్ పంప్ పెట్టడానికి ముప్పై రెండు వేల యూరోలవుతుందని మొదటి ఆంగెబోట్, అంటే ధర రాసిన కాగితం, చేతికొచ్చింది. అది చూసి నేను కళ్లు తేలేశాను. ఆ డబ్బుతో మా ఊళ్లో ఒక కల్యాణమండపం మొత్తానికి ఏసీలు పెట్టించవచ్చు. అయితే అందులో దాదాపు సగం ప్రభుత్వం సాయంగా ఇస్తుంది. ఆ సాయం వస్తే ఆవిడ ఖాతా భద్రం. రాకపోతే ఆ ఖాతా ఊడ్చి హైజుంగ్‌లో పోయాలి, ఆవిడ మళ్లీ పిల్లని కీటాలో వదిలి ఆఫీసుకి వెళ్లాలి.

ఆ ఆంగెబోట్ ఇచ్చిన మైస్టర్‌ది, అంటే హైజుంగ్ మేస్త్రిది, పక్క ఊరే. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. బేరం ఆడకుండా వస్తువు కొంటే నాకు రాత్రి నిద్ర పట్టదు కాబట్టి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇంతకీ చివరి ధర ఎంతో చెప్పమన్నాను. ఆయన కంగారుపడి, లెక్కలో తప్పు చేశానేమోనని కాగితం వెనక్కి తీసుకున్నాడు. పెన్సిల్‌తో ఒక్కో వరసా మళ్లీ చూశాడు. ఒక పైపు ఎక్కువ రాసినట్టు తేలింది, ఎనభై నాలుగు యూరోలు తగ్గించాడు. ఒక వాల్వు మరిచిపోయినట్టు కూడా తేలింది, నూట పన్నెండు కలిపాడు. నా బేరానికి ఇరవై ఎనిమిది యూరోలు పెరిగింది. మా ఆవిడ సింకు వైపు తిరిగి నవ్వు ఆపుకోవడం నేను చూశాను. సరే, మీరే చెయ్యండని చెయ్యి కలిపాను.

నవంబరులో మా అత్తగారు తెనాలి నుంచి కాన్పుకి వచ్చారు. సూట్‌కేస్ విప్పకముందే ఇంటి సంగతులన్నీ ఆరా తీసి, అసలైన ప్రశ్న వేశారు.

"బయానా ఇచ్చారా, అల్లుడు గారూ? చేతిలో రూపాయి పడకపోతే ఆ మనిషి ఇది మన పనని ఎట్టా అనుకుంటాడండీ?"

నాకూ నిజమేననిపించింది. తర్వాత మూఢం వస్తోందని, గురువారం బాగుందని అత్తగారే తేల్చారు. ఆ గురువారమే మైస్టర్ పెరట్లో కొలతలకి వస్తున్నాడు. స్టుట్‌గార్ట్ ఆసియా కొట్లో తమలపాకులు దొరికాయి. పళ్లెంలో ఆకులు, రెండు అరటిపళ్లు, కవరులో ఐదు వందల యూరోలు పెట్టి ఆయన ముందుంచాను. ఆయన ఆకుల్ని ఆసక్తిగా చూసి, ఒక పండు ఒలుచుకుని నిదానంగా తిని, బాగుందని చెప్పాడు. కవరు మాత్రం రెండు వేళ్లతో నా వైపు తోశాడు. ఇప్పుడు కాదు, సాయం మంజూరు ఉత్తరం వచ్చాకే డబ్బు సంగతి అని చెప్పి, మెజరింగ్ టేపు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆయన అన్నది నాకు పూర్తిగా అర్థమైంది. నమ్మలేదు, అంతే. వచ్చే డబ్బుని కాదనే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మా నాన్న ఇల్లు కట్టించినప్పుడు, బయానా తర్వాత చూద్దాం లెండి అన్న తాపీ మేస్త్రి మళ్లీ మా వీధి మొహం చూడలేదు. పండు తిని డబ్బు తోసేశాడంటే ఎక్కడో పెద్ద పని ఒప్పుకునే ఉంటాడని అత్తగారు తీర్పు చెప్పేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. పది రోజులు ఆఫీసు క్యాంటీన్‌లో దొరికినవాడికల్లా ఆ మైస్టర్ పొగరు గురించి చెప్పాను. మంచివాడిలా కనిపించి మోసం చేశాడని, చలికాలం నడిమధ్యలో గర్భిణి ఉన్న ఇంటిని వదిలేశాడని, చెప్పిన ప్రతిసారీ కాస్త పెంచి మరీ చెప్పాను.

అలా చెప్పగా చెప్పగా ఒక సహోద్యోగి ఇంకొకాయన ఫోన్ నంబరు ఇచ్చాడు. ఆయన తళతళలాడే వ్యాన్‌లో వచ్చాడు. అడగకముందే వెయ్యి తగ్గించాడు. డిసెంబరులోనే పెట్టేస్తానన్నాడు, ఇవాళే సంతకం పెట్టి రెండు వేలు ముందుగా ఇస్తే చాలన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి ఈ దేశంలో వ్యాపారం తెలిసిన మనిషి కనిపించాడనుకున్నాను.

ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి సంతకం మా ఆవిడా పెట్టాలి. తొమ్మిదో నెల పొట్టతో కుర్చీలో ఇబ్బందిగా సర్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, నాలుగు పేజీలూ చదవడం మొదలుపెట్టింది. నేను గడియారం చూస్తున్నాను, ఆయన తాళంచెవులు ఆడిస్తున్నాడు. చివరి పేజీ అయ్యాక, సాయం మంజూరైతేనే ఈ ఒప్పందం చెల్లుతుందనే వాక్యం ఇందులో ఎక్కడుందని ఆయన్ని అడిగింది. అలాంటివన్నీ తర్వాత సర్దుకోవచ్చన్నాడాయన. ఆవిడ పెన్నుకి మూత పెట్టి, రేపు ఫోన్ చేస్తానని మర్యాదగా పంపించేసింది. మంచి బేరం చెడగొట్టావని నేను గొణుగుతూనే ఉన్నాను. ఆవిడ పాత మైస్టర్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. మా పని చేసే ఉద్దేశం ఉందా లేదా అని సూటిగా అడిగింది.

ఆయన తాపీగా చెప్పాడు.

"చేస్తాననే కదమ్మా చెయ్యి కలిపాను. ఏప్రిల్ మొదటి వారం మీ పేరే రాసి పెట్టుకున్నాను, వేరేవాళ్లు అడిగినా ఇవ్వలేదు. ఉత్తరం రాకముందు నేను ఒక్క యూరో పుచ్చుకున్నా పని మొదలైనట్టే లెక్క, అప్పుడు మీకు సాయం రాదు. అందుకే ఆ కవరు ముట్టుకోలేదు."

సాయం వస్తేనే అనే షరతు రాసిన ఒప్పందం వారంలో పంపిస్తానని, దాంతో దరఖాస్తు పెట్టుకోమని చెప్పి ఫోన్ పెట్టేశాడు. నాకు తల తీసేసినట్టయింది. సంతకం పెట్టి రెండు వేలు ఇచ్చేసి ఉంటే ఏమై ఉండేదో అప్పుడు తట్టింది. ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను, కోప్పడలేదు.

"ఏవండీ, ఆయన పది రోజుల నుంచి నా ఏడాదికి కాపలా కాస్తున్నాడు. మీరేమో ఊరంతా తిరిగి ఆయన్ని తిడుతున్నారు."

అత్తగారు అప్పటికప్పుడు పక్షం మార్చేశారు. ఆ పండు తిన్న తీరులోనే పెద్దమనిషి తరహా కనిపించిందని, తను ముందే అనుకున్నానని అన్నారు.

మర్నాడు క్యాంటీన్‌లో ఒక్కొక్కరినీ వెతుక్కుని, నేను చెప్పిందంతా తప్పని చెప్పుకోవాల్సి వచ్చింది. తిట్టడానికి పట్టినదానికంటే దీనికే ఎక్కువ సమయం పట్టింది. డిసెంబరులో చిన్నది పుట్టింది. పాత బాయిలర్ రెండుసార్లు మొరాయిస్తే ఒకే గదిలో అందరం స్వెటర్లతో పడుకున్నాం. జనవరి చివర మంజూరు ఉత్తరం వచ్చింది. ఏప్రిల్ మొదటి వారం, సోమవారం ఏడు గంటలకి మైస్టర్ గుమ్మంలో ఉన్నాడు. ఐదు రోజుల్లో పని అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం రేడియేటర్ మీద చెయ్యి పెట్టి, ఇక బిల్లు పంపవచ్చా అని ఆయనే అడిగాడు.

మరుసటి డిసెంబరులో ఆవిడ రెండో ఏడాది సెలవు మొదలైంది. ఆ మొదటి సోమవారం నేను బూట్లు వేసుకుంటున్నాను. చిన్నది తల్లి జుట్టు పట్టుకుని లాగుతోంది. ఆవిడ పక్క మీద అలాగే పడుకుని, టీ కూడా పెట్టుకోకుండా, కిటికీలోంచి మంచు చూస్తోంది. లేవదేమిటా అని గుమ్మం దగ్గర ఆగాను. నాకివాళ ఎక్కడికీ వెళ్లే పని లేదండీ అని, ఎవరో అడిగినట్టు, తనకి తనే చెప్పుకుంది. ఆవిడ అంత నిశ్చింతగా ఉండగా పెళ్లయిన పదేళ్లలో నేను చూడలేదు. ఆ నిశ్చింతని నా చేతులతో నేనే పోగొట్టబోయాను. చప్పుడు కాకుండా తలుపు వేసి బస్సుకి బయల్దేరాను.