వెనక ఎర్రలైటు

పొద్దున్న నర్సీపట్నం బజారు నుంచి తెచ్చిన జీడిమామిడి పళ్ల వాసన ఇల్లంతా పట్టేసింది, తియ్యగా, ఘాటుగా, గొంతులో కాస్త గరగరలాడేలా. మీరున్న ఊళ్లో వీటిని చూసి ఉండరు, పిల్లలూ. ఈ వాసన తగిలితే నాకు మా నాన్న తోలిన జీపు గుర్తొస్తుంది.

జీపు షావుకారుది. నాతవరం రోడ్డులో జనాన్ని ఎక్కించుకు తిప్పేది. వేసవి సెలవుల్లో చద్దన్నం, పచ్చి ఉల్లిపాయ తినేసి, తోటల మీంచి వచ్చే చల్లగాలిలో నేను జీపు వెనక నిలబడేదాన్ని. నాన్న బ్రేకు తొక్కి, "ఎలిగిందేటే?" అని కేకేసేవాడు. బ్రేకు తొక్కితే బండి వెనక ఎర్రలైటు వెలగాలి, బ్రేకు ఆయిలు తగ్గిపోతే వెలగదు. వెలిగితే నేను "ఎలిగింది నాన్నా" అనాలి.

ఓరోజు జీడిమామిడి పండు చీకుతూ, రసం గౌను మీద పడకుండా చూసుకుంటూ, తలెత్తకుండానే "ఎలిగింది" అనేశాను. ఆ రోజు నన్నూ ఎక్కించుకున్నాడు.

తోటలు దాటాక గడ్డిబండి అడ్డొచ్చింది. నాన్న తొక్కిన బ్రేకు పెడలు నేలకంటా దిగిపోయింది. జీపుని కోతలైపోయిన మడిలోకి దించేశాడు. గట్టుకి కొట్టుకుని ఆగింది. జీపులో ఉన్న కూరలమ్మే అప్పలనర్సమ్మత్త చెయ్యి విరిగింది. ఆ నొప్పిలోనూ, "ఓరి నాయినా, నాతవరం తీసికెళ్లమంటే మళ్లోకి తెచ్చేవేటిరా!" అంది.

షావుకారు పరిగెత్తుకొచ్చాడు. "బ్రేకు ఫెయిలైతే నువ్వేటి సేస్తావురా? బండి తప్పని సెప్పు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా అదే మాట.

"బయల్దేరినప్పుడే పెడలు మెత్తగా తగిలిందండి. దిగి సూడనేదు. తప్పు నాదే."

షావుకారు మొహం మాడ్చుకుని తాళం తీసేసుకున్నాడు.

సాయంత్రం ఏడుస్తూ నాన్న దగ్గరికెళ్లాను. "నాన్నా, నాను సూడకుండా సెప్పేను."

నాన్న నా గౌను మీద పడనే పడిన పండురసం మరకని వేలితో రుద్దాడు. "సూడకుండా సెప్పడం నీ తప్పు. బండి తియ్యడం నా తప్పు. నాదాన్ని నువ్వు మొయ్యకు" అన్నాడు. కొట్టి ఉంటే ఎప్పుడో మరిచిపోయేదాన్ని.

నాలుగో రోజు అప్పలనర్సమ్మత్త కట్టు కట్టిన చేత్తో షావుకారు గుమ్మంలో కూర్చుంది. "తప్పొప్పుకున్న డ్రైవరు ఆడొక్కడే. ఆడు తోల్తేనే ఎక్కుతాను. బేగి తాళం ఇచ్చెయ్యండి" అంది. తాళం వచ్చింది. మర్నాటి నుంచి నాన్న రోజూ బానెట్టు తీసి ఆయిలు తనే చూసుకునేవాడు. ఆ తర్వాత కూడా "ఎలిగిందేటే?" అని నన్నే అడిగేవాడు. ఆ నమ్మకానికి ఈ వయసులోనూ దండం పెట్టుకుంటాను.

ఇప్పుడా జీపు లేదు, నాన్న లేడు, అత్త లేదు. మీ మావయ్య కారు తీస్తుంటే నేను వెనక్కెళ్లి నిలబడతాను.

"అన్నీ డాష్‌బోర్డే సెప్పేస్తాదే అమ్మా" అని నవ్వుతాడు.

చెప్పనీ. నేను చేతిలో ఏమీ పెట్టుకోకుండా నిలబడి, చూశాకే "ఎలిగింది" అంటాను.