మేడమ్ ముందు స్పీడు మాట ఎత్తొద్దు

ఈ రోజు ఫరీదాబాద్‌లో ఒక కార్ల షోరూమ్‌కి వెళ్లాం. నా కన్ను స్పోర్ట్స్ మోడల్ మీద, మా ఆవిడ కన్ను అదే కారులో మామూలు మోడల్ మీద. అందుకే పొద్దున్నే సేల్స్‌మన్‌కి ఫోన్ చేసి, మేడమ్ ముందు స్పీడు మాట ఎత్తకుండా సేఫ్టీ గురించే చెప్పమని బతిమాలుకున్నాను.

అతను మాట నిలబెట్టుకున్నాడు. ఎయిర్‌బ్యాగులు, బ్రేకులు అంటూ పెద్ద పాఠమే చెప్పాడు. మా ఆవిడ అంతా విని, "భయ్యా, యే సబ్ తో సాదా వాలే మే భీ హై నా?" అంది, ఇవన్నీ మామూలు మోడల్లోనూ ఉన్నాయి కదా అని.

"హా జీ మేడమ్, సేమ్ హై," అన్నాడు ఆ మహానుభావుడు.

ఆశ వదిలేసుకుని, కనీసం ఒకసారి నడిపి చూద్దామని టెస్ట్ డ్రైవ్‌కి బయల్దేరదీశాను. దారంతా ట్రాఫిక్, రెండో గేరు దాటలేదు. చివరికి ఒక అండర్‌పాస్ ఖాళీగా దొరికింది. యాక్సిలరేటర్ నొక్కాను. గోడల మధ్య సైలెన్సర్ ఒక్కసారి గర్జించేసరికి మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, కిటికీ అద్దం దించింది.

బయటికొచ్చాక మెల్లగా అడిగింది. "ఏవండీ, యూ టర్న్ ఎక్కడుంది?"

"ఎందుకు, షోరూమ్‌కి వెళ్లిపోదామా?"

"కాదు, మళ్లీ అందులోంచే వెళ్దాం. మీరు దిగి ఇటు రండి, నేను నడుపుతాను."

వెనక సీట్లో సేల్స్‌మన్ బెల్టు బిగించుకున్నాడు.

స్పోర్ట్స్ మోడలే బుక్ చేశాం. ఇలా పక్క సీటుకి బదిలీ అయిన మొగుళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, కాస్త ధైర్యంగా ఉంటుంది. సాయంత్రం నుంచి మా ఆవిడ నాకు, ఆఫీసుకి మెట్రోలో వెళ్లడం ఎంత సేఫ్టీయో వివరిస్తోంది.