కంపెనీ పుస్తకంలో నా బర్రె

ఏప్రిల్ రెండో మంగళవారం, పొద్దున ఆరూ నలభైకి జనగామలో రైలెక్కాను. చంకలో కంపెనీ పుస్తకం. భూపాలపల్లి దగ్గర కంకర తీసే కంపెనీ, ఊళ్లకూ నీళ్లకూ ఏడాదిలో ఏం మేలు చేసిందో చెప్పుకునే పుస్తకం. అచ్చుకు ముందు ఊరివాళ్లకు పంచితే, అక్కడుండే మా చెల్లె రాజవ్వ చదవరాక నాకు పంపింది. నేను యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. కూడబలుక్కుని చదివాను.

"మేము పూడిక తీసిన చెరువు" అని పెద్ద ఫోటో. అందులో కొమ్ము విరిగిన బర్రె. అది నాదే! చెరువు మా నర్మెట్టది! గట్టు మీద వెనక్కి తిరిగి కూర్చున్న మనిషి వీపు కూడా నాదే. పడీపడీ నవ్వాను. కానీ రాజవ్వ ఊరి చెరువు నిండా బురదే. పుస్తకం ఇట్లాగే అచ్చయితే పని అయిపోయినట్టు లెక్క, వానలకు ముందు పూడిక తీసే మిషన్ రాదు. పుస్తకం నిజమో కాదో తేల్చే మేడమ్ హైదరాబాద్ నుంచి ఆ రోజే వస్తుందంటే బయలుదేరాను.

"ఏందవ్వా, పరీక్ష రాయవోతున్నవా?" అన్నాడు ఎదురు సీటు మిర్చి వ్యాపారి.

"కాదు బిడ్డా, నా బర్రె భూపాలపల్లి పోయిందట. తోలుకరావోతున్న."

పెట్టెంతా నవ్వింది.

ఎనిమిదిన్నరకు మహబూబాబాద్. కూతురింటికి వచ్చి ఉన్న రాజవ్వ అక్కడ కలిసింది. స్టేషన్ బయట ఇడ్లీ తిన్నాం, చట్నీ ఉత్త నీళ్లు. బస్సులో ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ మరవకండి. నర్సంపేటలో బస్సు మారి, ఒంటిగంటకు భూపాలపల్లి. అక్కడి నుంచి యాకూబ్ ఆటోలో కంపెనీ షెడ్డుకు.

పుస్తకం రాసిన కిరణ్ సారు ముందు ఆ పేజీ తెరిచాను. "గీ బర్రె ఎవలది సారూ?"

"గీ ఊరోళ్లదే అవ్వా."

"నాది. నర్మెట్ట నుంచి గింతదూరం ఈదుకుంట వచ్చిందా?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. "రెండు రోజులల్ల పుస్తకం కావాలన్నరు. అత్తగారింటికి పోయినప్పుడు తీసిన ఫోటో ఉంటే పెట్టిన."

"అత్తగారిల్లు నర్మెట్టనా? అయితే మా అల్లునివే! అల్లుడా, అబద్ధమాడితే ఆడితివి, జర దూరపు బర్రెను చూసుకోవద్దా?"

రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పక్కనే కూర్చున్న హైదరాబాద్ సుజాత మేడమ్ మాత్రం నవ్వలేదు. "పోయినేటి పుస్తకం నిజమేనని నేనూ హైదరాబాద్‌లో కూర్చునే సంతకం పెట్టాను. పదండి, చెరువు చూపించండి" అంది. బురదలో ఆమె చెప్పు దిగబడింది. గట్టు మీదే నిలబడి పుస్తకంలో ఆ ఫోటోను పెన్నుతో కొట్టేసింది. "మిషన్ దిగాలి, ఊరివాళ్లు అవునన్నాకే ఈ పేజీ అచ్చుకు పోవాలి" అంది. అల్లుడు మిషన్ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేశాడు.

రాజవ్వను చెరువు దగ్గర కాపలా ఉంచి సాయంత్రం బస్సెక్కాను. పరకాల దాటగానే ఫోన్. "అక్కా, మిషన్ దిగింది! సప్పుడిను!" ఫోన్ పైకెత్తి బస్సంతా వినిపించాను. ఎవరూ వచ్చి చూడకపోతే కంపెనీ ఏమైనా రాస్తుంది. చూసేవాళ్ల కాళ్లకు బురద అంటితే రాత బాగుపడుతుంది. నాకు తెలిసిందింతే.

ఆ రోజు అక్కడున్నది నర్మెట్ట లచ్చవ్వను నేను, చెల్లె రాజవ్వ, సుజాత మేడమ్, అల్లుడు కిరణ్, ఆటో యాకూబ్. బర్రె రాలేదు.