వెనక గేటు ఆర్డర్లు

ఆర్మీ నుంచి వచ్చేశాక నా మొదటి పోస్టింగ్ అచ్యుతాపురంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ. మే నెల. ఉదయం ఆరుకు డ్యూటీ బస్సు దిగాను. ముందు గేటు నాది. విజిల్, లాఠీ, వాకీటాకీ ఇచ్చారు. రాసిన ఆర్డర్లు ఏవి అని అడిగాను. నోటితో చెబితే చాలదా అని సూపర్‌వైజర్ నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. రాజస్థాన్ సరిహద్దులో ఇసుక బంకరైనా సరే, సెంట్రీ నిలబడే చోట ఆర్డర్లు రాసి ఉండేవి. ఎవర్ని ఆపాలి, ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చోటు వదలాలి. కల్నల్ వచ్చి వేరే మాట అన్నా, రాత చూపిస్తే ఆయనే తగ్గేవాడు. ఇక్కడ ఆర్డరంటే, దిగిపోయే గార్డు టీ తాగుతూ ఎక్కేవాడి చెవిన వేసే మాట. రాసివ్వమని మళ్లీ అడిగాను. ఆర్మీ వాళ్లకు చాదస్తమని కొట్టిపారేశారు.

వెనక గేటు అప్పలనాయుడిది. విజయనగరం వైపు రైతు. వానల్లేక పొలం వదిలి యూనిఫాం వేసుకున్నాడు. మెత్తని మనిషి. అతని చెవిన పడ్డ మాట ఒక్కటే: డ్యూటీ అందుకునే రిలీవర్ రాకుండా గేటు వదిలితే ఉద్యోగం ఊడుతుంది. దొంగల భయంతో ఎప్పుడో ఎవరో అన్నది. గ్యాస్ లీకైతే ఏం చేయాలో ఎవరూ అనలేదు.

ఒకరోజు భోజనాల వేళ పైపు పగిలింది. సముద్రపు గాలికి గ్యాసంతా వెనక గేటు వైపు మళ్లింది. వాకీటాకీలో అప్పలనాయుడు.

"బావా, కళ్లు మండిపోతన్నాయి. గేటు తీసేసినాను. అందరూ ఎల్లిపోతన్నారు."

"నువ్వూ ఎల్లిపో. పరిగెట్టు."

దగ్గాడు. "రిలీవర్ రానేదు కదా. సూపర్‌వైజర్ గారు సెప్పాల."

"నాను సెప్తన్నాను, ఎల్లు."

"నీ మాటకి నా ఉద్యోగం ఉంటాదేటి బావా?"

సూపర్‌వైజర్ కోసం అరిచాను. ఆయన అప్పటికే ముందు గేటు దాటి రోడ్డెక్కేశాడు. మొహానికి తడిగుడ్డ కట్టుకుని పరిగెత్తాను. నేను చేరేసరికి అంతా అయిపోయింది. అటు వచ్చిన కార్మికులంతా బతికారు. గేటు తీసినవాడు పోయాడు.

నెల తిరక్కుండా తెలుగులో బోర్డులు పెట్టారు. అతని బట్టల సంచీ కోసం వచ్చిన భార్య, ఏం రాశారో చదవమంది. గ్యాస్ వాసన వస్తే గేటు తెరిచి, గార్డు కూడా వెంటనే బయటికి వెళ్లాలి. చదివాను.

"ఇంతేనా అన్నియ్యా? ఇంత సిన్న మాటేనా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ వారమే అక్కడ మానేసి కంచరపాలెం వచ్చేశాను. ఎన్ని పోస్టులు కాసినా నా కళ్లలో నిలిచిపోయింది ఒకటే. గేటు బార్లా తెరిచి ఉంది. నాలుగడుగులేస్తే రోడ్డు. అతను గేటు రెక్క పట్టుకుని, లోపలివైపే కూర్చుని ఉన్నాడు.