మా శీను చెవిలో తీగలు బాగానే ఉన్నాయి

మా శీను తల మళ్లీ కోయక్కర్లేదండీ! చెవి లోపలి తీగలన్నీ బాగున్నాయని క్లినిక్కులో పరీక్ష చేసిన మేడమ్ గారు చెప్పేశారు. బందరు బస్సుకు ఇంకా టైముంది, బెజవాడలో మా అమ్మాయి ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, మనలాంటివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మా అబ్బాయి బందరు చేపల రేవులో వేలం వేస్తాడు. జ్వరమొచ్చి వినికిడి మొత్తం పోతే, ఏడేళ్ల కిందట మద్రాసులో ఆపరేషన్ చేసి లోపల సన్నటి తీగలు పెట్టారు. చెవి వెనక మిషను పట్టిన మాటను అవి కరెంటుగా నరానికి అందిస్తాయి. ఈమధ్య మాటలు ముద్దముద్దగా వినపడుతున్నాయన్నాడు. వేలంలో ఒకరి పాట ఇంకొకరికి కొట్టేశాడు. ఆ రోజు నుంచి రేవుకే వెళ్లలేదు. తీగలు పాడైతే మళ్లీ ఆపరేషనేనని మాకెవరికీ అన్నం సయించలేదు.

పొద్దున ఆరింటి బస్సెక్కాం, టికెట్టు ముప్పై చిల్లర. ఉయ్యూరు దగ్గర చెరకు బళ్లు అడ్డొచ్చి అరగంట పోయింది. నేను గాబరా పడుతుంటే డ్రైవరు, "దిగి నాలుగు గడలు నమలండి బాబాయ్, ఈలోగా దారిస్తారు" అన్నాడు. బెంజ్ సర్కిల్లో దిగితే క్లినిక్కు నడిచేంత దూరమే.

మేడమ్ గారు మిషనును కంప్యూటరుకు కలిపారు. ఒక్కో తీగకూ కాస్త కరెంటు పంపి, ఎంత అడ్డు తగులుతోందో చూస్తారట. మొదటి నెలల్లో అది మారినా తర్వాత నిలకడగా ఉండాలట. పాత లెక్కలు పక్కన పెట్టుకుని చూస్తుంటే నేను దేవుళ్లందరినీ తలచుకున్నాను.

"అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయండీ" అన్నారు. తర్వాత మిషను మైకు మూత తీసి కాగితం మీద దులిపితే తెల్లటి పిండి రాలింది.

తేమ పట్టకుండా దాచే డబ్బా పగిలిపోయిందని, ఉప్పుగాలికి భయపడి మా ఆవిడ రాత్రిళ్లు మిషనును బియ్యం డబ్బాలో పెడుతోందని చెప్పాను. మేడమ్ గారు నవ్వాపుకోలేకపోయారు. మూత మార్చి తగిలించాక నేను శీను వెనక్కి వెళ్లి మెల్లగా, "పండుగప్ప చేపల బుట్ట, నూటయాభై" అన్నాను.

వాడు తిరగకుండానే, "ఆ రేటుకి తోక కూడా రాదు నాన్నా" అన్నాడు.

కంటికి కనపడని తీగల మీదే మా భయమంతా పెట్టుకున్నాం. ఏడేళ్లుగా అవి వాటి పని చేసుకుపోతూనే ఉన్నాయి, మైకునే మేం పిండి పోసి మూశాం. మీరూ వెళ్తే వైర్లు, మూతలతోపాటు రాత్రి దాచే డబ్బా కూడా పట్టుకెళ్లండి.

ఇక ఇబ్రహీంపట్నంలో అక్కయ్యకు చెప్పాలి, ఉయ్యూరు వియ్యంకుడు గారికి, మద్రాసులో మాకు తోడున్న బావమరిదికి, రేవులో వాడి బదులు వేలం వేస్తున్న మా తమ్ముడికి చెప్పాలి. శీను వాళ్లమ్మకు మాత్రం నేను చెప్పక్కర్లేదు. పక్కగదిలో వాడే ఫోన్లో చెబుతున్నాడు, ఆవిడేదో అంటే నవ్వుతున్నాడు.