గజ్జెలు కరిగిన గంట

పందొమ్మిదివందల నలభై మూడు. యుద్ధం రోజులు. అప్పట్లో అనకాపల్లి చుట్టుపక్కల ఏ దేవుడు మేలుకోవాలన్నా నేను పోసిన గంట మోగాల్సిందే. గుడి గంటలన్నీ మా కంచరి కొలిమివే, చర్చి గంటా మాదే. ఆ చర్చి గంట కొడితే ఇటు తుమ్మపాల దాటి అటు నక్కపల్లి దాకా ఎడ్లు చెవులు రిక్కించేవి.

నక్కపల్లి మాట వదిలేయండి. అంత దూరం తుపాకీ పేల్చినా వినబడదు. నిజానికి అది చర్చి కూడా కాదు. తుమ్మపాల దారిలో చెరకు తోటల పక్కనున్న పేటలో తాటాకు కప్పిన ప్రార్థనశాల. గంట ధాన్యం కొలిచే కుంచమంత ఉంటుంది. గాలి దయతలిస్తే తోట గట్టు దాకా వినిపించేది. ఇక గుడి గంటలంటారా, అవి మా నాన్న పోసినవి. నేను తిత్తులు ఊదాను. కాని ఈ ఒక్క గంట మాత్రం అచ్చంగా నా చేతి పని.

గంటకి కంచు కావాలి. నాలుగు పాళ్లు రాగి, ఒక పాలు తగరం. ఇత్తడి ఎక్కువ కలిస్తే నాదం మొద్దుబారుతుంది. ముందు మట్టి దిమ్మ మీద మైనంతో గంట రూపం చేసి, పైన మళ్లీ మట్టి మెత్తి కాలుస్తాం. మైనం కారిపోయి లోపల ఖాళీ మిగులుతుంది. మేము మూస అంటాం, ఇప్పటివాళ్లు క్రూసిబుల్ అంటున్నారు, ఆ పాత్రలో లోహం కరిగించి ఆ ఖాళీలోకి వంచుతాం. గాలీ, మిగులు లోహమూ పైకి రావడానికి ఇంకో కన్నం వదులుతాం. దాన్ని రైజర్ అంటారు. అది మరిచిపోతే గంట నిండా బుడగలే.

యుద్ధం మూలాన రాగీ తగరమూ బజారులో కంటికి కనబడటం లేదు. పేటవాళ్లు ఇళ్లలో ఉన్న చెంబులూ గిన్నెలూ తెచ్చారు. చూస్తే చాలామటుకు ఇత్తడి. ఆ సంగతే ఉపదేశి గారితో, అంటే పేటలో ప్రార్థన జరిపించే పెద్దాయనతో చెబుతుంటే, నూకాలు అనే ఆవిడ గోనెసంచి తెచ్చి కొలిమి ముందు దించింది. అందులో రెండు కాళ్ల గజ్జెలు. పాతకాలపు మేలైన కంచు.

ఏసుప్రభువులో కలవక ముందు జాతరలో అమ్మవారు పూనేది ఈ నూకాలుకే. నా చిన్నతనంలో జాతర సాయంత్రం ఆ గజ్జెల చప్పుడు మా వీధి మొగ దాకా వచ్చి ఆగిపోయేది. ఒంటిమీద అమ్మవారున్నా సరే, పేట మనిషిని మా వీధిలోకి రానిచ్చేవారు కారు. మా అమ్మ నా భుజం పట్టుకుని అరుగు దిగనిచ్చేది కాదు. అందుకని చప్పుడు విన్నానే గాని ఆ నడక ఎన్నడూ చూడలేదు. మా అమ్మ పోయాక కూడా ఏటా ఆ చప్పుడు వినిపించినప్పుడు భుజం మీద చెయ్యి ఉన్నట్టే ఉండేది. నూకాలు మతం మారాక జాతరలో అది లేదు. ఆ వెలితి ఎవరితో చెప్పుకుంటాను?

నూకాలుకి బాప్తిస్మం అయింది గాని ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇంకా ఇవ్వలేదు. అది అందితేనే సంఘంలో పూర్తిగా కలిసినట్టట. గజ్జెలు ఇల్లు దాటేదాకా ఇవ్వకూడదని సంఘపెద్ద ఏసుదాసు పట్టు. ఏట్లో పారెయ్యమన్నాడు. ఆమె గంటలో కలపమంటుంది.

"దెయ్యం ఆడిన కంచు అయ్యగారూ" అన్నాడు ఏసుదాసు ఉపదేశి గారితో. "ఇది గంటలో కలిత్తే ఆదోరం నాడు మనల్ని పిలిసేది ఎవులు?"

"ఏట్లో పారేత్తే ఎవులో ఒకలు తీసి మళ్లీ నా కాళ్లకి కడతారు" అంది నూకాలు. "కరిగిపోతే ఇంకెవులూ పిలవరు."

ఏసుదాసు బైబిల్లోని బంగారు దూడ కథ ఎత్తుకున్నాడు. చెవిపోగులు కరిగించే కదా ఆ విగ్రహం చేశారన్నాడు. ఉపదేశి గారు నెమ్మదిగా, దేవుడి గుడారానికి వాడిన బంగారం కూడా విగ్రహాలు మొక్కే ఐగుప్తు వాళ్ల ఇళ్లలోదే కదా అన్నారు. తర్వాత రోమాపురి సంగతి చెప్పారు. అక్కడ పూర్వం దేవతలందరికీ కలిపి ఒక పెద్ద గుడి ఉండేదట. క్రైస్తవులు దాన్ని కూల్చకుండా శుద్ధి చేసి చర్చి చేసుకున్నారట. పాత గుళ్ల స్తంభాలు మోస్తున్న చర్చిలు ఇప్పటికీ ఉన్నాయట.

"మరి ఆ దేవతలేటయ్యేరు?" అన్నాడు ఏసుదాసు.

ఉపదేశి గారు "వాళ్లు పోయారు. రాళ్లు ఉండిపోయాయి. రాయి ఏం పాపం చేసింది?" అన్నారు.

దానితో ఒప్పందం కుదిరింది. నేను అలవాటు కొద్దీ కొలిమికి పసుపూ కుంకుమా పెట్టేశాను. ఏసుదాసు నోరు తెరిచేలోగా ఉపదేశి గారు అతని రెక్క పట్టుకుని బయటికి తీసుకుపోయారు.

ఆ తర్వాత జరిగింది నేను ఎన్నో చోట్ల చెప్పాను. కొలిమి దగ్గర నేనూ, నూకాలూ, బొగ్గుల తట్ట మోసుకొచ్చిన ఆమె పెళ్లీడు కూతురు సువార్తా మిగిలాం. నూకాలు గజ్జెలు చేతిలోకి తీసుకుని, "ఒకపాలి కట్టుకుంటాను బాబూ" అంది. కట్టుకుని కొలిమి నుంచి గుమ్మం దాకా నడిచింది. అడుగడుక్కీ ఆగి, గుమ్మం అవతలికి, తను వదిలేసుకున్న జాతర దారికేసి చూసుకుంది. ఆమెకు పూనకం వచ్చిందని కూడా చెబుతుంటాను. అది రాలేదు, ఒప్పుకుంటున్నాను. కాని ఆ చూపు చూశాను. తర్వాత ఒక్కొక్క గజ్జె కోసి, లోపలి ఇనుప గుండ్లు తీసేసి, కంచు మూసలో వేశాను.

గంట బాగా పలికింది. ఆ ఆదివారం నూకాలు చేతిలో రొట్టె పెట్టారు. నేను చెరకు బేరం వంకతో తోట గట్టు మీద నిలబడి విన్నాను. తర్వాత చాలా ఆదివారాలు ఆ వంకతోనే వెళ్లాను. కొన్న చెరకు తక్కువ. కొత్త మతం వచ్చినా పాత బెంగ లోహంలో ఉండిపోతుందని, కరిగించడమే గాని పోగొట్టడం మా చేత కాదని ఆ పని నాకు నేర్పింది.

ఇక్కడికి రాసి, అచ్చుకి ఇచ్చే ముందు సువార్తమ్మకి చదివి వినిపించాను. ఆవిడా ముసలిదైపోయింది. చివరిదాకా వింది.

"కట్టుకుంటానని మాయమ్మ అన్లేదు బాబూ. కట్టుకోమని నువ్వడిగేవు. ఎన్నడూ సూడలేదు, ఒకపాలి సూడాలన్నావు. కాదంటే పని సెడిపోద్దేమోనని కట్టింది. ఏసుదాసు తిరిగొత్తాడేమో, రొట్టె పోద్దేమోనని గుమ్మంకేసి సూత్తా నడిసింది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంది. బెంగ నీది. మాయమ్మ మీద రాయకు."